మూడో అంకె

ఐదుంబావుకి అలారం మోగింది. అప్పటికే పావుగంట నుంచి కమలమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. అది మోగేదాకా చూసి, మోగాక ఆపింది. వంగి, కొడుకు కొనిపెట్టిన బూట్లు వేసుకుంది. చీర మీద బూట్లేమిటని మొదట్లో సిగ్గుపడేది. నాలుగు నెలలుగా వేసుకుంటోంది. ఇప్పుడు సిగ్గూ లేదు, మరేమీ లేదు.

మడివాళ మార్కెట్టుకు రెండు వీధుల అవతల ఒక చిన్న పార్కు ఉంది. దాని చుట్టూ ఎనిమిది సార్లు తిరగాలని వినయ్ చెప్పాడు. చీకటి ఇంకా విడలేదు. కమలమ్మ గబగబా నడిచింది. ఆరింటికి అత్త లేస్తుంది. లేచేసరికి కోడలు కనపడకపోతే తనంతట తానే మంచం దిగబోతుంది. పోయినేడు తుంటి విరిగింది అలాగే. అందుకని కమలమ్మ కాళ్ళు పార్కులో తిరుగుతున్నా ఇంటివైపు పరిగెత్తుతున్నట్టే ఉంటాయి. ఎనిమిదో చుట్టు పూర్తయ్యేసరికి రెండు చెవుల్లోనూ గుయ్యిమని మోత మొదలైంది. రోజూ మొదలయ్యేదే.

ఇల్లు పాతది. కింద ఆమె, ఆమె అత్త నంజమ్మ. పైన కొడుకు వినయ్, కోడలు అర్చన. కొడుకూ కోడలూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్తులే. రాత్రి పదకొండు దాకా ఫోన్లలో మాట్లాడి పడుకుంటారు కాబట్టి ఎనిమిదికి ముందు మెట్లమీద అలికిడి ఉండదు.

"వచ్చినావా?" అంది నంజమ్మ, కళ్ళు మూసుకునే.

"వచ్చినాను."

"ఈ దినం నాలుగు నిమిషాలు ఆలస్యం."

"కుక్కలు అడ్డమొచ్చినాయి అత్తా."

ఎనభై ఆరేళ్ళ నంజమ్మ చూడటానికి ఎండు పుల్లలా ఉంటుంది కానీ ఎత్తబోతే బరువే. అరవై దాటేదాకా ఆనేకల్ ఊళ్ళో మగ్గం నేసిన ఒళ్ళు. కమలమ్మ ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బాత్రూముకి తీసుకెళ్ళింది. కడిగి, తుడిచి, మడతచీర కట్టి, తిరిగి మంచంమీదికి చేర్చింది. అంతా అయ్యాక తలుపు చట్టం పట్టుకుని నిలబడింది. గది ఒకసారి పక్కకి ఒరిగి, మళ్ళీ సరిగ్గా నిలుచుంది.

"కూర్చో," అంది నంజమ్మ. "మిషన్ తీ."

కమలమ్మ అలమారలోంచి బీపీ మిషన్ తీసి ముందు తన చేతికి కట్టుకుంది. అది బుసబుసమని ఉబ్బి, నెమ్మదిగా దిగింది. నూట డెబ్బై ఆరు. కింద నూట రెండు. ఆ అంకెల్ని కాసేపు చూసింది. పక్కింటి వాళ్ళ ఉత్తరంమీది అడ్రసు చూసినట్టు చూసి, మీట నొక్కి చెరిపేసింది.

తర్వాత నంజమ్మ రవిక చేతిని పైకి లాక్కుని తన చెయ్యి చాపింది.

ఈసారి నూట ఇరవై రెండు, డెబ్బై నాలుగు. కమలమ్మ ఫోన్‌తో ఫొటో తీసి 'అమ్మ బీపీ' అనే గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ముగ్గురే ఉన్నారు. ఎనిమిదిన్నరకి వినయ్ బొటనవేలి బొమ్మ పెడతాడు. అర్చన రెండు చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. అంతటితో ఆ రోజుకి గండం గడుస్తుంది.

"నాది తెలుసులే. నీదెంత?" అంది నంజమ్మ.

"ఎప్పుడూ వచ్చేదే."

"ఎప్పుడూ వచ్చేదంటే?"

"ఎప్పుడూ వచ్చేదే అత్తా. కాఫీ తెస్తాను."

నాలుగు నెలల కిందట ఇదే బాత్రూములో కమలమ్మ కళ్ళు తిరిగి గోడకి జారిపోయింది. ఆ రోజు వినయ్ ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఇద్దర్నీ లేవదీశాడు. ఆ సాయంత్రమే బీపీ మిషను, బూట్లు కొని తెచ్చాడు. ఆ ఆదివారం ఆనేకల్ దారిలో ఉన్న ఒక వృద్ధాశ్రమాన్ని చూసొచ్చాడు కూడా. వచ్చి తల్లి ఎదురుగా కూర్చుని, "నీ బీపీ తగ్గితే అవ్వ ఇక్కడే ఉంటుంది. తగ్గకపోతే అవ్వని అక్కడ చేర్పిస్తాను. నువ్వు ఆమెను ఎత్తీ దించీ పడిపోతే నేను చూడలేనమ్మా," అన్నాడు. వాళ్ళ నాన్న ఆంజనేయులు పక్షవాతంతో పోయి అప్పటికి ఏడాదిన్నర.

మందులు వేసుకుంది. నడిచింది. ఉప్పు తగ్గించింది. అంకెలు మాత్రం దిగలేదు. వారం తర్వాత ఒక పొద్దున నంజమ్మే తన చెయ్యి చాపి, "నాకు కట్టి చూడు," అంది. ఆ మాటలో ఏముందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ దాన్ని పైకి అనలేదు.

ఈ రోజు శనివారం, పదింటికి డాక్టరు దగ్గరికి పోవాలి. అర్చన కిందికి దిగి అవ్వ దగ్గర కూర్చుంది. వినయ్ తల్లిని కారెక్కించుకున్నాడు.

డాక్టరమ్మది కోలారు. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. నర్సు రాసిచ్చిన చీటీ ఒకసారి, వినయ్ ఫోన్‌లోని ఫొటోలు ఒకసారి చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇంట్లో నూట ఇరవై, ఇక్కడ నూట డెబ్బై నాలుగు. ఏమ్మా, నన్ను చూస్తే అంత భయమా?"

"లేదు," అంది కమలమ్మ.

"కొందరికి ఆసుపత్రి మెట్లెక్కితే చాలు, ఎక్కేస్తుంది. ఇంట్లో ఇంత బాగుండేటప్పుడు మాత్ర పెంచితే కళ్ళు తిరిగి పడతారు. ఇప్పటికి అదే మాత్ర వేసుకోండి. నడక ఎప్పుడు?"

"తెల్లారి ఐదున్నరకి."

"వచ్చినాక?"

"అత్తని లేపి, స్నానం చేయించి..."

"అంటే లేస్తూనే పరుగు, వస్తూనే బరువు." డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "బీపీ మామూలుగానే పొద్దున పూట ఎక్కుతుంది. నడకని సాయంత్రానికి మార్చి చూస్తారా? మందులు వాడే పెద్దవయసు ఆడవాళ్ళలో సాయంత్రం చేసిన వ్యాయామానికి బీపీ ఇంకాస్త బాగా దిగుతుందని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. చిన్న పరిశోధనలే. అందరికీ అట్లే అవుతుందని నేను చెప్పను. మీకు మాత్రం మార్చి చూడటం మంచిదనిపిస్తుంది. ఐదున్నర, ఆరు మధ్య, నిమ్మళంగా."

"సాయంత్రం మాకెవరికీ ఖాళీ ఉండదు డాక్టర్. అవ్వని వదిలిపెట్టి అమ్మ రాలేదు," అన్నాడు వినయ్.

"అదేదో మీరు ఆలోచించుకోండి. ఒళ్ళు ఆమెది, వేళ కూడా ఆమెకి కావాలి కదా."

కమలమ్మ గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. సాయంత్రమంటే రాగి గంజి, నంజమ్మ నడుముకి నూనె, ఆరింటికి దీపం, ఎనిమిదికి పైవాళ్ళ చపాతీలు. అందులో తనదంటూ ఒక అరగంట ఎక్కడుందో వెతకాలని కూడా ఆమెకు అనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో వినయ్ హుషారుగా ఉన్నాడు. "బాగుండాది కదమ్మా! మాత్ర కూడా పెంచలేదు. ఆ ఆశ్రమం వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. అవ్వ ఇక్కడే ఉండనీ."

అదే కదా కావాలనుకున్నది. కమలమ్మ కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ సంతోషం కోసం ఎదురుచూసింది. సిగ్నలు దాటింది, వంతెన దాటింది, ఇల్లొచ్చింది. సంతోషం రాలేదు.

ఇంటికొచ్చాక వినయ్ చీటీని బల్లమీద పడేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అర్చన దాన్ని తీసి చదివింది. ఆఫీసులో ఆమె పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఏ కాగితం చూసినా కింది నుంచి పైకి చదవడం ఆమె అలవాటు. చీటీ చూసి, ఫోన్ తీసి, గ్రూపులో పైకి పైకి జరుపుకుంటూ పోయింది. పెళ్ళై రెండేళ్ళయినా అత్తగారితో నాలుగు మాటలకి మించి మాట్లాడని పిల్ల, ఆ పూట నిలబడిన చోటు నుంచి కదల్లేదు.

"వినయ్, ఒక్క నిమిషం రా. ఈ స్లిప్పులో పల్స్ ఎనభై ఎనిమిది ఉంది."

"ఉంటే?"

"ఫొటోల్లో కింద చిన్నగా మూడో అంకె ఉంటుంది చూడు. యాభై ఎనిమిది. యాభై ఏడు. అరవై. మళ్ళీ యాభై ఎనిమిది. మొదటి వారం వదిలేస్తే, నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా అరవై రెండు దాటలేదు."

"ఇంట్లో రిలాక్స్‌డ్‌గా ఉంటుంది కాబట్టి..."

"ఎనిమిది రౌండ్లు నడిచొచ్చాక తీసిన ఫొటోలు కదా ఇవి? నడిచొచ్చిన మనిషికి గుండె యాభై ఎనిమిది కొట్టుకుంటుందా? నాకే మెట్లెక్కితే తొంభై దాటుతుంది."

కమలమ్మ మంచినీళ్ళ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మిషన్‌లో ఆ కింద ఉండేది గుండె కొట్టుకునే లెక్క అని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. పైనున్న రెండు అంకెల్ని అందరూ అడుగుతారు. మూడోదాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బ్యాటరీ ఎంతుందో చూపిస్తుందేమో అనుకుంది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. ఇక్కడ కూర్చోండి, ఒక్కసారి నేను చూస్తాను," అంది అర్చన.

"వద్దు."

"ఎందుకండీ?"

"అది మా అత్త చెయ్యి," అంది కమలమ్మ. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే చెప్పినంత మామూలుగా ఉంది ఆ గొంతు. "ఫొటోల్లో ఉండేది అవ్వది. నాది కాదు."

వినయ్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అన్నీనా?"

"మొదటి వారం తప్ప అన్నీ."

"ఈ పొద్దు నీది ఎంతొచ్చింది?"

"నూట డెబ్బై ఆరు."

వినయ్ కుర్చీ వెనక్కి నెట్టాడు. అది గోడకి కొట్టుకుని పడింది. "నీకేమైనా తెలుస్తా ఉండాదా అమ్మా? ఆ డాక్టరమ్మ మాత్ర పెంచకుండా పంపించింది ఈ ఫొటోలు చూసి! నేనే చూపించినాను, నా చేత్తో! నాయన కూడా ఇట్లనే కదా చేసినాడు? వేసుకున్నానప్పా, వేసుకున్నానప్పా అని చెప్పి, పోయినాక చూస్తే చొక్కా జేబుల నిండా మాత్రలు. ఆ దినం మీటింగ్‌లో ఉండి ఫోన్ ఎత్తలేదు నేను. పదకొండు మిస్డ్ కాల్స్. మళ్ళీ ఇంకోసారి ఎత్తకుండా ఉండాలనా నీ ఆలోచన?"

"అరవకు వినయ్," అంది అర్చన.

"నువ్వు ఇన్నాళ్ళూ ఏం చూసినావు? ఈ పొద్దే కనపడిందా ఆ అంకె?"

"ఈ రోజే చూశాను. నువ్వు ఈ రోజు కూడా చూడలేదు." అర్చన గొంతు కూడా లేచింది. "బొటనవేలు నువ్వు పెట్టావు, దండం నేను పెట్టాను. నాలుగు నెలల్లో ఇద్దరిలో ఒక్కరం కిందికి దిగొచ్చి, ఎలా ఉందండీ అని అడిగామా?"

వినయ్ తల్లివైపే తిరిగాడు. "అవ్వంటే నీకు అంత ప్రేమనా? చిన్నప్పట్నుంచీ చూసినోణ్ణి నేను. కూరలో కారం ఎక్కువైతే ఒక మాట, తక్కువైతే ఒక మాట. నిన్ను ఎన్నెన్ని మాటలన్నిందో నాకు తెలీదా?"

"అన్నాను," అని లోపలి గదిలోంచి వినపడింది. "ఇంకా అంటాను కూడా. నడవలో నిలబడుకొని అరిస్తే నాకు సగమే వినబడతాది. లోపలికొచ్చి అరువు."

ముగ్గురూ లోపలికి వెళ్ళారు. నంజమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. మోచేతి పైకి లాగిన రవిక చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"చెయ్యి నాది, ఆలోచనా నాదే. దాన్ని ఏమీ అనొద్దు."

"అవ్వా, అమ్మకి ఏమైనా అయ్యుంటే?"

"అవుతాదని నాకు తెలుసప్పా. రోజూ అది నన్ను ఎత్తేటప్పుడు దాని గుండె నా చెవికే కదా కొట్టుకునేది. ఈ దినం పడిపోతాదా, రేపు పడిపోతాదా అని చూస్తానే ఉంటిని. అయినా చెయ్యి చాపుతానే ఉంటిని." ఆగి, ఊపిరి పీల్చుకుంది. "నువ్వు ఆ జాగా చూసొచ్చిన దినం నీ చేతిలో ఒక కాగితం ఉండె. బొమ్మలేసుండే కాగితం. నువ్వు ఫోన్ మాట్లాడను పోయినప్పుడు నేను చూసినాను. ముసలోళ్ళంతా వరసగా కుర్చీల్లో కూర్చోనుండారు. అందరికీ ఒకే రంగు శాలువా. అందరూ ఒకే పక్కకి చూస్తా ఉండారు. నాకు భయమైపోయెనప్పా."

కమలమ్మ తల తిప్పి అత్తని చూసింది. కోడలిగా వచ్చి నలభై ఏళ్ళు. భయమనే మాట ఆ నోట రావడం ఇదే మొదటిసారి.

వినయ్ మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది కానీ ముఖం ఇంకా ఎర్రగానే ఉంది.

"అవ్వకి భయం. సరే. నీకేంటికమ్మా? నువ్వేంటికి ఒప్పుకున్నావు?"

అందరూ తనవైపే చూస్తుంటే కమలమ్మ గ్లాసు కిటికీలో పెట్టింది. నిజంగానే ఆలోచించింది. ప్రేమ అని చెప్పడానికి ఆమె లోపల ఏమీ కదలడం లేదు. జాలి కూడా కాదు.

"మీ నాయన పోయిన దినం నేను ఏడ్చలేదు," అంది చివరికి. "నీకు గుర్తుండాదా? అందరూ వచ్చి ఏడ్చమ్మా, ఏడ్చు, లోపల పెట్టుకుంటే మంచిది కాదు అనిరి. మీ చిన్నత్త నా భుజాలు పట్టి ఊపింది. నాకు రాలేదు. ఈనాటిదాకా రాలేదు. మీ అవ్వ ఒక్కతే, దాన్ని వదిలేయండి, దానికి వచ్చినప్పుడు అదే వస్తాది అనింది. కన్న కొడుకు పోయినా, నా పక్కన కూర్చోని నన్ను ఏడ్చమని అడగంది ఆమె ఒక్కతే. ఆమెని పంపించేస్తే..." ఆగింది. ఆ తర్వాతి మాట ఏమిటో ఆమెకే తెలియనట్టు. "ఈ ఇంట్లో నేను ఇట్ల ఉండేదానికి కుదరదు. అందరికీ బాగుండాను అని చెప్పాల్సి వస్తాది."

వీధిలో కూరగాయల బండివాడు మైకులో టమాటా ధర చెప్పుకుంటూ వెళ్ళాడు.

"బాగున్నానని నాకు చెప్పక్కర్లేదు అత్తయ్యా," అంది అర్చన మెల్లగా. "నేను అడగడం మానేసింది, మీరు ఎప్పుడూ బాగున్నానంటారని."

వినయ్ ముఖం మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నంజమ్మ చెయ్యి చాచి మనవడి నెత్తిమీద పెట్టింది.

"ఆశ్రమం వాళ్ళకి వద్దని చెప్పేస్తాను అవ్వా," అన్నాడు తల ఎత్తకుండా. "బీపీ ఎంతున్నా సరే."

"నేను పోతానప్పా. దాని ప్రాణం తీసి ఇక్కడ ఉండేది నాకొద్దు."

"నువ్వెక్కడికీ పోవద్దు. పొద్దున ఎత్తే పనికి ఒక ఆయమ్మని పెడదాం. ఆమె వచ్చేదాకా నేనే ఎత్తుతాను."

"మగపిల్లోడివి, నువ్వా! నాకు స్నానం చేయిస్తావా?"

"ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేస్తాను. మిగతాది అర్చన."

"నన్ను అడిగావా?" అంది అర్చన. అని, "చేస్తాలే," అని తనే అంది. "డాక్టర్ సాయంత్రం నడవమంది కదా. మంగళ, గురువారాలు నాకు ఇంటినుంచే పని. ఐదున్నరకి ల్యాప్‌టాప్ పట్టుకుని అవ్వ గదిలో కూర్చుంటాను. మీటింగ్ వస్తే అవ్వ కూడా మీటింగ్‌లో ఉంటారు."

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా."

"మా టీమ్‌లో సగంమందికి రాదు అవ్వా. తల ఊపితే చాలు."

నంజమ్మ గట్టిగా నవ్వింది. నవ్వుకి దగ్గొచ్చింది. వినయ్ లేచి నీళ్ళు పట్టించాడు. మిగతా రోజులు తాను పొద్దున ఏడుకే ఆఫీసుకి పోతానన్నాడు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర రద్దీ మొదలవకముందే పోతే, ఐదింటికల్లా ఇంటికి చేరొచ్చు. శని ఆదివారాలు ఎలాగూ ఉంటాడు. కమలమ్మ వాళ్ళు పంచుకుంటున్న వేళల్ని వింటూ నిలబడింది. అవి ఎవరో ఊరివాళ్ళ బస్సుల టైముల్లా వినిపించాయి.

సోమవారం డాక్టరమ్మ తల్లీకొడుకులిద్దర్నీ కూర్చోబెట్టి పావుగంట తిట్టింది. ఇంకో మాత్ర కలిపింది. "అబద్ధం చెప్పిన మిషనుకి మందు రాసినాను నేను, మీకు కాదు," అంది. సాయంత్రం నడవమనీ, రెండు మూడు నెలలు చూడాలనీ, ఒక్క రోజులో ఏమీ దిగదనీ, ఏ అంకె వచ్చినా దాచకుండా పంపమనీ చెప్పింది. ఆఖరి మాట నంజమ్మకి కూడా చెప్పమంది.

మంగళవారం ఐదున్నరకి అర్చన కిందికి దిగింది. "వెళ్ళండి అత్తయ్యా. గంజి నేను పట్టిస్తాను."

"నూనె..."

"అదీ రాస్తాను. వెళ్ళండి."

కమలమ్మ గేటు బయటికొచ్చి నిలబడింది. ఎటు పోవాలో తెలియలేదు. సాయంత్రాలు ఇంటి లోపలే గడిచిపోయి ఎన్నేళ్ళయిందో లెక్కకి రాలేదు. పార్కు నిండా పిల్లలు బంతులతో ఉన్నారు. అక్కడ ఒక చుట్టు తిరిగి, తోవ లేక మార్కెట్టువైపు నడిచింది. హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలు గుంపులుగా ఎదురొస్తున్నారు. బళ్ళమీద చిక్కుడుకాయలు, సీతాఫలాలు, చామంతి మూరలు ఉన్నాయి. నూనెలో బజ్జీలు వేగుతున్న వాసన వచ్చింది. ఎవరూ ఆమెని తొందరపెట్టలేదు. ఎదురుచూసే అలారం లేదు. కాళ్ళు తమంతట తామే నెమ్మదించాయి.

మూలమీద బొరుగులు, వేరుశెనగలు అమ్మే అంగడి ఉంది. పెద్దాయన ఒకడు గోనెల మధ్య కూర్చుని పొట్లాలు కడుతున్నాడు. ఆమెని చూసి చెయ్యి ఆపాడు.

"అమ్మా, మీరు ఆంజనేయులు సార్ ఇంటివాళ్ళు కదా? నేను వెంకటగిరియప్ప. గుర్తున్నానా? ఒకసారి మీరిద్దరూ వచ్చింటిరి, పండగ సామాన్లకి. ఏం సార్ కనబడరే లేదు? దినామూ ఆరు గంటలకి వచ్చేవారు. రెండేళ్ళాయె. ఇల్లు మార్చేసినారా?"

కమలమ్మ ఆయన్ని చూసింది. రెండేళ్ళుగా ఈ మాట ఆమె చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఫోన్లు వినయ్ చేశాడు. బ్యాంకుకి, ఆఫీసుకి వినయ్ చెప్పాడు. ఇంటికొచ్చిన వాళ్ళందరూ తెలిసే వచ్చారు. తెల్లారి ఐదున్నరకి పార్కులో అడిగేవాళ్ళెవరూ లేరు.

"ఆయన పోయినాడు," అంది.

తన గొంతే తనకి వినిపించింది. మళ్ళీ అంది, సరిగ్గా వినాలన్నట్టు. "చచ్చిపోయినాడు. రెండేళ్ళాయె."

ముసలాయన గోనెల మధ్యనుంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. పక్కనున్న స్టూలు ఇటు జరిపాడు. కమలమ్మ కూర్చుంది. రోడ్డుమీద బస్సు ఆగింది, జనం దిగారు. ఆమె కళ్ళముందు అంతా అలికినట్టు అయింది. మొదట బీపీ అనుకుంది. చెంపలమీద తడి తగిలాక తెలిసింది.

ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. ముసలాయన ఆమెవైపు తిరగకుండా బేరాలు చూసుకున్నాడు. ఆమె లేచేటప్పుడు మాత్రం సార్ గురించి రెండు మాటలు చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి ఆరుంముప్పావు. అర్చన గేటు దగ్గరే ఉంది. అత్తగారి ముఖం చూసి ఏదో అడగబోయి, మానేసి, పక్కకి జరిగి దారిచ్చింది. కమలమ్మ తిన్నగా లోపలి గదిలోకి వెళ్ళి, బూట్లైనా విప్పకుండా మంచంమీద కూర్చుంది.

"అత్తా, ఈ దినం ఒక అంగడాయన అడిగినాడు. దినామూ వచ్చే మీ సార్ ఎక్కడ అని." అత్త మోకాలిమీద చెయ్యి వేసింది. "చెప్పినాను. నేనే చెప్పినాను, నా నోటితో."

నంజమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆ మగ్గపు చేతుల్లో ఇంకా బలం ఉంది. కమలమ్మ తల ఆ ఎముకల భుజంమీద పడింది, ఇక ఆగలేదు. ఆమెతో పాటు ఆ ముసలామె కూడా ఏడ్చింది. ఇద్దరి ఏడుపూ విని అర్చన తలుపు దాకా వచ్చింది. లోపలికి రాకుండా, ఆఫీసులో ఉన్న వినయ్‌కి ఫోన్ చేయకుండా, గుమ్మంలోనే నేలమీద కూర్చుంది.

"చెప్పమ్మే," అంది నంజమ్మ చాలాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ. "నా కొడుకు దినామూ ఆ అంగట్లో ఏం కొనేవాడంట? ఇంటికి ఒక్కనాడు కూడా తేలేదే!"

"వేరుశెనగలంట అత్తా. అక్కడే నిలబడుకొని తినేసి వచ్చేవాడంట."

"దొంగ నా కొడుకు," అంది నంజమ్మ. ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు.